పాత కెర్నల్

"సేవ్ కొట్టంగనే మల్ల బిగుసుకుపాయె!" దరఖాస్తులు నింపే సెంటర్ల కూసున్న గీత మౌసు ఇసిరికొట్టింది. వడ్డేపల్లి నుంచి పొద్దుగాల్నే వచ్చిన జములమ్మ పంటనష్టం దరఖాస్తు నింపుడు ఇది నాలుగోసారి.

కంప్యూటర్లు బాగుచేసే శ్రీనాథ్ తల గోక్కున్నడు. "నిన్న నేనేసిన కొత్త కెర్నల్‌లనే, అంటే సిస్టంను నడిపే గింజలాంటి ప్రోగ్రాంలనే, తప్పుంది మేడం. ఫైలు రాయబోతే సిస్టమంత ఆగిపోతుంది."

"పాతది మంచిగుండె గదా, దాన్నే పెట్టు."

"జాగ చాలక తీసేసిన."

"కొత్తది నడుస్తదో లేదో చూడకనే తీసేస్తరా? గింత తెల్వదా?"

"ఆయన్నేమనకు బిడ్డా," గోడకానుకున్న జములమ్మ అన్నది. "మేం గూడ కొత్త పల్లికాయ ఇత్తనం మొలిచేదాక ఆగలే. ఇంట్ల దాసిన పాతిత్తనం ముందే అమ్ముకున్నం."

కదలని తెర మీద 'కారణం: విత్తనం మొలవలేదు' అని ఉంది. నాలుగుసార్లు టైపు చేసిన గీత, దాన్ని నిజంగ చదివింది అప్పుడే.