ఆఖరి పేరు

ఫుట్‌బాల్ జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకోవడం మూడో రోజుకు వచ్చింది. ఆఖరి రౌండ్‌లో ఇక ఒక్క జట్టు ఒక్క పేరు పిలవడమే మిగిలింది. అమెరికాలోని ష్రీవ్‌పోర్ట్‌లో కుర్ర ఆటగాడు కెండ్రెల్ టీవీ ముందు గోళ్లు కొరుకుతున్నాడు. తల్లి వెర్నా కళ్లు మూసుకుంది.

“ప్రభువా, నా బిడ్డ మీద దయచూపు!”

“మెల్లగా అమ్మా, ఆ జట్టువాళ్లకు వినబడుతుంది.”

టీవీలో వేరే ఎవరిదో పేరు చదివారు.

వెర్నా గంతేసింది. “హల్లెలూయా! మావాణ్ణి ఎవడూ తీసుకోలేదు!”

ఆ జట్టులో కెండ్రెల్ ఆడే స్థానానికి అప్పటికే నలుగురున్నారు. పేరు పిలిస్తే అక్కడికే పోయి బెంచీ మీద కూర్చోవాలి. పిలుపు రానివాడు మాత్రం, అడిగిన జట్లలో తనకు నచ్చినదానికి పోవచ్చు.

వెంటనే ఫోన్ మోగింది. ఇంకో జట్టు కోచ్. “మేడమ్, మీవాణ్ణి మాకిస్తారా?”

“వరసలో ఉండు నాయనా,” అంది వెర్నా. “ఇప్పుడు ఎంచుకునేది మేము.”