పరంగి కోసం ఆగని బండి

"ఇంకెవరు రావాలి?" స్టీరింగు మీద అరచేత్తో కొడుతూ అరిచాడు సీథోన్.

"ఆ తెల్ల పరంగోడే, నాయనా!" వెనక బల్ల మీంచి బాతుల బుట్ట ముసలమ్మ చెప్పింది. "సంచి ఇక్కడ పడేసి, ఇప్పుడే వస్తానని చెయ్యి చూపించి పోయాడు."

ఉదోమ్‌సాయ్ బస్టాండులో సీథోన్‌కు కాలు ఒకచోట నిలవడం లేదు.

తెల్లవారుజామున భార్య మలీవన్‌కు కాన్పయింది. బిడ్డ క్షేమం. తల్లికే రక్తస్రావం ఆగడం లేదు. ఆ గ్రూపు రక్తం ఆస్పత్రిలో లేదు. ఉన్నది ఆమె తమ్ముడొక్కడికే. అతనుండేది కొండల అవతల. అతనికి బండి లేదు. మధ్యాహ్నం లోపల తీసుకురావాలి. డీజిలుకు చేతిలో డబ్బుల్లేక, సీథోన్ ప్రయాణికులతో బండి నిండేదాకా ఆగాల్సి వచ్చింది.

"ఆ చిరుగుల లాగువాడా? ఇందాక చార్జీ తగ్గించమని నా ముందే ప్రాణం తీశాడుగా!" అన్నాడు ఉల్లి బస్తా మీద కూర్చున్న మనిషి. "ఎక్కడో అరటిపళ్ళు బేరమాడుతుంటాడు."

"జిగురన్నం ఊరికే పెట్టే ఇల్లు వెతుక్కుంటున్నాడేమో!" అంది ముసలమ్మ.

బండంతా నవ్వింది. బీదగా తిరిగే పరంగి అంటే అందరికీ లోకువే.

సీథోన్ హారను కొట్టాడు. దిగాడు. రోడ్డు చివరిదాకా చూశాడు. మళ్ళీ ఎక్కాడు.

"వాళ్ళకేం, ఊళ్ళు చూడ్డానికొచ్చారు. ఇక్కడ నా కొంప మునుగుతోంది!"

సంచి లాగి టికెట్ల గది ముందు పడేశాడు.

"పాపం, పరాయి దేశపోడు. ఇంకాస్త ఆగు నాయనా."

"నేనాగితే నా పెళ్ళాం ప్రాణం ఆగుతుందా, అవ్వా?"



బండి కదిలింది. వెనక దుమ్ములో ఎవరో చేతులూపుతూ పరిగెత్తుతున్నట్టు అద్దంలో కనిపించింది. సీథోన్ ఇంకా గట్టిగా తొక్కాడు.

కనుమ ఎక్కుతుండగా ఫోను మోగింది. ఆస్పత్రి నుంచి చెల్లెలు బువావన్. 

"అన్నా, వెనక్కి వచ్చెయ్! వదినకు రక్తం ఎక్కుతోంది. గండం గడిచిందన్నారు."

సీథోన్ బండి పక్కకు ఆపేశాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

"ఎవరిచ్చారే?"

"ఆ గ్రూపు మనవాళ్ళలో అరుదు గానీ పరంగుల్లో కొందరికి ఉంటుందట. నర్సమ్మ బస్టాండు చుట్టూ ఉన్న కొట్లన్నీ తిరిగి అడిగితే, తింటున్న పళ్ళెం వదిలేసి ఒకడు వెంట వచ్చాడు."

"వాణ్ని కూర్చోబెట్టు! నా చేత్తో మణికట్టుకు దీవెన దారం కట్టి అన్నం పెట్టాలి."

"ఎక్కడన్నా? పడుకోమన్నా వినలేదు, తీపి నీళ్ళు కూడా తాగలేదు. బండి వెళ్ళిపోతుందంటూ, మోచేతి దగ్గర దూది నొక్కుకుని బస్టాండుకు పరిగెత్తాడు."