తోడల్లుడి కాలు

కార్లన్నీ వాటంతటవే నడిచే రోజులవి. అయినా అప్పగింతల కారును మాత్రం ఇంటి అల్లుడే గేర్లు వేసి నడపాలని అత్తగారి పట్టింపు. మరదలి పెళ్లిలో ఆ మర్యాద తనకే దక్కాలని పైడిరాజు పంతం. ఇద్దరల్లుళ్లలో ఎవరికివ్వాలో తేల్చడానికి అత్తగారు పెళ్లికి ముందురోజు ఇద్దరిచేతా కారు నడిపించి చూసింది.

మామగారి పాత టర్బో కారు యాక్సిలరేటర్ తొక్కగానే కదలదు, కాస్త ఆగి ఎగిరి దూకుతుంది. ఆ కాస్తలోనే తోడల్లుడు జగ్గారావు గుర్తొచ్చి, పైడిరాజు ఇంకా గట్టిగా తొక్కేశాడు.

"ఓలమ్మో, నడుం ఇరిగిపోనాది అల్లుడుగోరూ!" వెనక సీట్లో పైడిరాజు పెళ్లాం పక్కనున్న అత్తగారు అరిచింది.

తర్వాత జగ్గారావు వంతు. మెల్లగా కాలు ఆనించాడు.

"ఎడ్లబండి తోల్తన్నావేటి అన్నియ్యా?" అన్నాడు పైడిరాజు, పక్క సీట్లోంచి.

"ఉండు తమ్ముడూ, దాన్ని ఊపిరి తీసుకోనీ."

కారు నీళ్లమీద పడవలా సాగింది. పెళ్లామైనా తనను వెనకేసుకొస్తుందని పైడిరాజు తిరిగి చూశాడు. ఆవిడ నోరు తెరుచుకుని హాయిగా నిద్రపోతోంది.