మేలు గింజలు

“మళ్లీ పురుగులేనా అమ్మా?” అని అడిగాడు చిన్నవాడు, చేటలోకి తొంగిచూసి.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. వాడి మీద కాదు. కొట్టుగదిలో తలుపు పక్కన దర్జాగా నిలబడ్డ బస్తాల వరస మీద.

ఆ ఇంట్లో ఏటా ఇదే తంతు. కోత కాగానే కొట్టుగదిలో రెండు వరసలు లేస్తాయి. తలుపు పక్కన పెద్దది అమ్మకానికి. వెనక గోడవార చిన్నది ఇంటికి. ధర పెరిగేదాకా రెండూ నెలల తరబడి అక్కడే ఉంటాయి. ఇంటి వరసకు మాత్రం పురుగు పడుతుంది. అమ్మకం వరసలో మచ్చుకు ఒక్కటీ కనిపించదు. కనిపించనిస్తాడా ఆమె భర్త? వాటిని ఆయనే జల్లెడ పడతాడు, ఆయనే నింపుతాడు, ఆయనే మూతి కుడతాడు. ఆ పని జరుగుతున్నంతసేపూ తలుపు వేసే ఉంటుంది.

మొన్నటికి మొన్న ఆ బస్తాలెక్కి ఆడుకుంటున్నాడని చిన్నవాడి చెవి మెలిపెట్టి దించాడు.

“కన్నకొడుకు కంటే షావుకారు బస్తా ఎక్కువైందా మీకు?” అని ఆమె నిలదీసింది.

“ఆ వరస జోలికి ఎవరూ పోవద్దు. అంతే” అన్నాడు. ఆయనతో వాదించడం కంటే గోడకు తల బాదుకోవడం నయం.

గుమ్మంలో కూర్చున్న అత్తగారు నవ్వింది. “మీ మామ కాలం నుంచీ ఇంతేనే. మేలు గింజ బజారుకి, మిగిలింది మనకి. పురుగు పడితే ఏమైంది, తింటే బలమే అనేవాడు.”

“అయితే ఆ బలమేదో ఈసారి షావుకారుకే పట్టనివ్వండి అత్తయ్యా” అంది ఆమె, పురుగుల చేటను పక్కకు నెట్టి.

అత్తగారు అది వేళాకోళం అనుకుంది.

అప్పటికే ఆయన తూకం దగ్గర వంతు పట్టుకోవడానికి షావుకారు గోదాముకు వెళ్లిపోయాడు. కాసేపటికి లారీ వచ్చి వాకిట్లో ఆగింది. హమాలీల మేస్త్రీ కొట్టుగదిలోకి తొంగిచూశాడు.

“తలుపు పక్కవే కదక్కా?”

“కాదు. ముందు గోడవారవి ఎత్తండి. అవన్నీ అయ్యాక, తక్కువ పడినన్ని ఇందులోంచి వేసుకోండి.”

“బావ ఇంకోలా చెప్పాడే?”

“బావ అక్కడున్నాడు, నేనిక్కడున్నాను. ఎత్తుతావా, లారీ వెనక్కి తిప్పుకుంటావా?”

“మోసేవాడికి ఏదైనా బరువేలే తల్లీ” అని మేస్త్రీ తలగుడ్డ బిగించాడు.

లారీ నిండింది. గోడవార నేల కనిపించింది. తలుపు పక్కన మాత్రం ఇంటికి సరిపోయేటన్ని బస్తాలు మిగిలాయి. అన్నీ మేలు గింజలే!

లారీ మలుపు తిరగగానే ఆమె ఒక బస్తా మూతి విప్పింది. గింజలు ముత్యాల్లా జారాయి. కాస్త తెల్లటి దుమ్ము లేచింది. రెండుసార్లు చెరిగి, మరకు తీసుకెళ్లి పిండి ఆడించుకొచ్చింది. ఇన్నేళ్లలో పురుగు ఏరకుండా పిండి కలపడం అదే మొదలు.

పొద్దు వాలేసరికి వేడివేడి రొట్టెలు పళ్లాల్లో పడ్డాయి. పెద్దపిల్ల తలెత్తకుండా తింది. చిన్నవాడు రొట్టెను దీపానికి ఎత్తిపట్టి, అటూ ఇటూ తిప్పి చూసి, “ఇవాళ నల్లవి లేవే!” అని ఇంకోటి పెట్టించుకున్నాడు. అత్తగారు కూడా మారు అడిగింది. ఆమెకు వాళ్లను చూస్తుంటేనే కడుపు నిండింది.

అప్పుడు వచ్చాడు ఆయన, నిప్పులు తొక్కినట్టు.

“నలుగురిలో నా తల తీసేశావు కదే! షావుకారు బస్తాలోకి చెయ్యి పెట్టి, దోసెడు తీసి అందరికీ చూపించాడు. ‘ఈ గింజలకు కాళ్లొచ్చాయోయ్, లారీ ఎందుకు దండగ, తోలుకుపో’ అన్నాడు. గోదామంతా ఒకటే నవ్వు. మేస్త్రీని పట్టుకుని కడిగితే, అక్కే ఎత్తమంది అంటాడు!”

“అవును. నేనే ఎత్తమన్నాను.”

“ఎందుకు?”

“ఎందుకా?” ఆమె అట్లకాడతో లేచి నిలబడింది. “దోసెడు పురుగులు చూసి ఒక్కపూట నవ్వితే మీ తల పోయిందా? ఏళ్ల తరబడి వాటిని ఏరుతున్నదాన్ని, నాకు తల లేదా? దున్నింది మనం. కలుపు తీసి నడుములు విరగ్గొట్టుకుంది మనం. మన పిల్లల కంచంలో పురుగులు, పరాయి పిల్లల కంచంలో ముత్యాలు! ముక్కూ మొహం తెలియనివాళ్ల మీద ఉన్న ప్రేమలో వీసమెత్తు కన్నవాళ్ల మీద లేకపోయిందే మీకు!”

ఆయన చూపు పిల్లల పళ్లాల మీద ఆగిపోయింది.

“ఆ రొట్టెలు... ఏ బస్తావి?”

“మీరు ముట్టుకోవద్దన్న బస్తావే.”

“పిల్లలు తిన్నారా?”

“తిన్నారు. అడిగి మరీ పెట్టించుకున్నారు. మీ అమ్మా తింది. షావుకారుకు తక్కువైందని అంత బాధగా ఉంటే చెప్పండి, నా వంతు మానేస్తాను!”

ఆయన ఒక్క ఉదుటున వెళ్లి చిన్నవాడి చేతిలోని రొట్టె లాగి పారేశాడు. వాడు ఏడుపు లంకించుకున్నాడు.

“నోటి దగ్గర తిండి లాక్కుంటారా? మీరసలు మనిషేనా?” అని ఆమె ఆయన మీదికి వెళ్లింది.

ఆయన వాణ్ని ఎత్తుకుని వాకిట్లోకి పరుగెడుతూ అరిచాడు: “అమ్మేవే కదా అని ఆ బస్తాలన్నింట్లో పురుగులమందు కలిపానే!”