చూడమ్మా, మింగేశా

"చూడమ్మా, మింగేశా."

ముసలి తాత నోరు తెరిచాడు. నర్సు ముఖం తిప్పుకుంది. ఛీ! అదేం నోరు! పుచ్చిన పళ్లు, పాచిపట్టిన నాలుక, గుప్పున కంపు. తిన్నది తిరిగొచ్చేలా ఉంది.

కొలెస్ట్రాల్ తగ్గించే రెండు మందులు కలిపి ఒకే గులాబీ రంగు బిళ్లగా చేశారు. దానితో హాని ఉందేమోనని, డబ్బిచ్చి పిలిపించిన మనుషుల మీద పరీక్షించే గది అది. బిళ్ల మింగినవాళ్లు నోరు తెరిచి నాలుక ఎత్తాలి, నర్సు లోపలికి చూడాలి. పద్ధతి సంగతి సరే, ముక్కు ఊరుకోదుగా.

"ఆ కంపు తాత నోట్లోకి నేను చూడలేను డాక్టర్ గారూ!"

"పోనీ మానెయ్. చిన్నపిల్లలా ఏం, మింగుతారు."

ఆ రోజు నుంచి ఎవరి నోరూ చూడలేదు. బిళ్ల నోట్లో వేసుకోగానే అందరూ పుక్కిలించాలంటూ వాష్‌బేసిన్ దగ్గరికి పోయేవారు. తాత మాత్రం కుర్చీ కదలకుండా గ్లాసెడు నీళ్లు తాగి, నోరు బార్లా తెరిచేవాడు.

"అక్కర్లేదన్నానా! ముయ్యి!"

"మొదట్లో మీరేగా చూపించమన్నారు, అమ్మా."

కొన్నాళ్లకు తాత గోడ పట్టుకుని వచ్చాడు.

"తొడలు పట్టేస్తున్నాయి బాబూ. ఒంటికి వెళ్తే టీ రంగులో పడుతోంది."

"ఛీ ఛీ, ఏం మాటలవి!" అంది నర్సు.

డాక్టరు విసుక్కున్నాడు. "ఇంతమందికి లేని నొప్పి నీ ఒక్కడికేనా? అందరూ దుక్కల్లా ఉన్నారు. వేషాలు! రేపట్నుంచి రాకు."

"నా సంగతి సరే బాబూ, ఇంకొకరికి ఇచ్చే ముందు..."

"వెళ్లవయ్యా!"

తాత వెళ్లిపోయాడు. బిళ్లతో ఎవరికీ ఏ హానీ లేదని, భేషుగ్గా ఉందని తేల్చారు.

"షాపుల్లోకి రాగానే మా అమ్మకీ వేయిస్తా," అంది నర్సు.

ఆ వారమే వాష్‌బేసిన్ పొంగింది. ప్లంబరు కింది గొట్టం విప్పాడు. జుట్టూ ఉమ్మీ కలిసిన గులాబీ రంగు ముద్ద భళ్లున నేల మీద పడింది. అందులో సగం కరిగిన బిళ్లలు.

"అబ్బ, ఏం రోత! ఇవన్నీ ఎవరు ఉమ్మారండీ?" అన్నాడు ప్లంబరు ముక్కు మూసుకుని.

నర్సుకు ఈసారి తన మీద తనకే రోత పుట్టింది. తాత ఇంటికి ఫోన్ చేసింది.

"నాన్నా? కిడ్నీలు పాడై నిన్ననే పోయారండీ," అంది కూతురు. "ఆ బిళ్ల సంగతి మీకు మళ్లీ ఒకసారి చెప్పమన్నారు."

నర్సు ఆ ముద్ద పక్కనే కూర్చుని ఒక్కో బిళ్లా ఏరసాగింది.

అంతమందిలో మందు నిజంగా మింగింది ఆ కంపు తాత ఒక్కడే.