పక్కనుంచి వెలుతురు

"లైటు పైనుంచి కాదమ్మా, పక్కనుంచి వెయ్యి."

కొత్తమ్మాయి ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది.

చంకలో గొడుగుతో ఒక ముసలాయన. మోకాళ్ళమీద చేతులాన్చి, అద్దాల పెట్టెలో ఉన్న కుండను చూస్తున్నాడు.

"ఎందుకండీ?"

"ఊరికే. ఒకసారి చూద్దామని."

"ఇక్కడ టార్చి వెయ్యకూడదండీ."

"సరేలే తల్లీ" అని వెళ్ళిపోయాడు.

చరిత్ర చదువుతున్న ఆ అమ్మాయికి మ్యూజియంలో ఇంటర్న్‌షిప్ మొదలై అది మూడో రోజు. ఆమెకు అప్పగించినవి రెండే పనులు. ఆ కుండకి కొత్త లేబులు రాయాలి. రోజూ మూసేముందు వస్తువులు నిలబెట్టిన పీటల స్క్రూలు బిగువుగా ఉన్నాయో లేదో చూసి, రిజిస్టరులో "సరిచూశాను" అని సంతకం పెట్టాలి.

"ఎవరు బాబాయ్ ఆయన?" అని కాపలా మనిషిని అడిగింది.

"బుధవారం తాత. నేను ఈ ఉద్యోగంలో చేరినప్పటినుంచీ చూస్తున్నా, బుధవారం తప్పడు. వేరే గదిలో అడుగుపెట్టడు. ఈ కుండేదో తన మేనకోడలైనట్టు కుశలమడిగి పోతాడు."

క్యురేటర్ మేడం మాత్రం నవ్వలేదు.

"పనిలేని మనుషులు చాలామంది వస్తారు. మాటల్లో పడకు. ఆ కుండ మన మ్యూజియానికే పేరు తెచ్చింది. నీలాగే ఇంటర్న్‌గా వచ్చి నేను రాసిన మొదటి లేబులు దానిదే. నాకిక్కడ ఉద్యోగం వచ్చిందీ దానివల్లే."

పాత లేబులు మీద ఇలా ఉంది: 'తవ్వకాల్లో చిన్న పెచ్చు కూడా ఊడకుండా దొరికిన ఒకే ఒక్క కుండ.'

అమ్మాయి తన నోటుబుక్కులో లేబులు రాయబోయి, ముసలాయన గురించి రాసుకుంది. కుమ్మరా? కుండ దొరికిన పొలం ఆయనదా? ఒకప్పుడు దొంగతనానికి వచ్చినవాడా? ఏదీ ఆ వంగిన నడుముకి అతకలేదు.

మళ్ళీ బుధవారం వచ్చింది. ఆయనకంటే ముందే ఆమె కుండ దగ్గర నిలబడి ఉంది.

"మీ కుండ ప్రయాణం కట్టింది తాతగారూ. వచ్చే నెల ఇంకో మ్యూజియంలో ప్రదర్శనకి."

ఆయన మొహం పాలిపోయింది.

"దీన్ని ఎత్తుతారా?"

"ఎత్తకపోతే లారీ ఎలా ఎక్కుతుంది?"

"వద్దని చెప్పమ్మా."

"ఎందుకో చెప్పండి. మేడంగారితో నేను మాట్లాడతాను."

ఆయన నోరు తెరిచాడు. అంతలో ఆయన చూపు క్యురేటర్ గది తలుపు మీదికి వెళ్ళింది. తెరిచిన నోరు మూతపడింది.

"నేను చెబితే ఇంకొకరి మెడకి చుట్టుకుంటుంది. లైటు పక్కనుంచి వేసి మీరే చూసుకోండి తల్లీ."

ఆ సాయంత్రం ఆమె మేడంకి చెప్పింది. "మాటల్లో పడొద్దన్నానా?" అన్నది మేడం.

టార్చి సొరుగులోనే ఉంది. ఆమె తియ్యలేదు. స్క్రూలను కూడా గుమ్మం దగ్గరనుంచే చూసి సంతకం పెట్టి ఇంటికి వెళ్ళింది.

తర్వాత మూడు బుధవారాలు ఆయన రాలేదు.

కుండను సర్దే రోజు అదే గొడుగు వచ్చింది. కానీ అది ఒక నడివయసు ఆవిడ చేతిలో ఉంది.

"కుండ దగ్గరుండే అమ్మాయివి నువ్వేనా? మా నాన్న పోయిన వారం పోయారమ్మా. ఇది నీకిమ్మన్నారు."

నాలుగు మడతల కాగితం, పైన దారం. విప్పితే గోరంత మట్టిపెచ్చు. కుండదే ఆ ఎరుపు.

"మీ నాన్నగారు ఏం చేసేవారండీ?"

"ఇక్కడే కదమ్మా! ఇరవై ఏళ్ళు ఈ గదులు తుడిచారు."

అమ్మాయి పరుగెత్తింది. "ఆగండి! ఎత్తకండి!"

సర్దేవాళ్ళు చేతులు వెనక్కి తీసుకున్నారు. ఆమె గదిలో లైట్లు ఆర్పి, టార్చి కుండ పక్కన ఆనించి వెలిగించింది.

ముసలిచేతి మీద నరాల్లా, కుండ నిండా సన్నని గీతలు తేలాయి. నలభై ముక్కలకు తక్కువ ఉండవు. మెడ దగ్గర పాత జిగురు ఎండి, అతుకు నోరు తెరిచింది. ఎత్తి ఉంటే కుండ చేతుల్లోనే విడిపోయేది.

అమ్మాయి చెప్పింది విని, మేడం అక్కడే స్టూలు మీద కూలబడింది.

"తుడిచే మనిషా? నాకు ముఖం కూడా గుర్తులేదు. నేను చేరిన ఏడు సున్నం వెయ్యాలని రెండు నెలలు గది మూశారు. తాళంచెవి వాడి దగ్గరే. కుండ పడేసి, గుట్టుగా అతికించి, ఇన్నేళ్ళు మనందరి కళ్ళకీ గంతలు కట్టాడన్నమాట!"

పెచ్చు చుట్టి ఉన్న కాగితం అమ్మాయి చేతిలోనే ఉంది. మడతలు విప్పి టార్చి వెలుగులో పెట్టింది. అది రిజిస్టరులోంచి చింపిన పేజీ. తేదీ ముప్పై ఒక్క ఏళ్ళ కిందటిది.

అంచున వంకర అక్షరాలు: 'తెల్లారి తలుపు తీసేసరికి పీట ఒరిగి కుండ కింద పడి ఉంది. స్క్రూ బిగించలేదు. చిన్నపిల్ల, తెలీక చేసింది.'

దానికి పైన, "సరిచూశాను" అన్న మాట పక్కన, గుండ్రటి అక్షరాల్లో మేడం సంతకం ఉంది.