ముత్తుకృష్ణన్ కాలి కట్టు

“తిన్నారా? కాలు నొప్పి తగ్గిందా? లేవద్దండి, పండుకోండి. నేనొచ్చి తుడుస్తా, బట్ట మారుస్తా.”

ఉష ఫోనులో ఇట్లా ముద్దుగా మాట్లాడతా ఉంటే, కోవిల్‌పట్టి చెనక్కాయల కడలమిట్టాయి అంగట్లో కన్నన్ చేతిలో తక్కెడ ఊగిపొయ్యింది.

“ఎవురది?”

“ముత్తుకృష్ణన్,” అని నవ్వింది ఉష. “విరుదునగర్‌లో ఉండారు బావా. పాపం, నేను పోకుంటే వారికి ముద్ద దిగదు.”

కన్నన్ చెవులు ఎంత కాలినాయంటే, అంగడి ముందర అగ్గిపెట్టెల లోడుతో నిలబడిన లారీని డ్రైవరు బయపడి రెండు గజాలు ముందుకు తీసుకపొయ్యినాడు. నమ్మకుంటే డ్రైవర్నే అడగండి.

ఉష అతని మేనమామ కూతురు. వచ్చే ఆవణి నెలలో ఇద్దరికీ పెళ్ళి. ఆమె విరుదునగర్‌లో ఒక ఆస్పత్రిలో నర్సుగా చేరి ఆరునెలలు. మొగోళ్ళ ఒళ్ళు తాకే పని మనకొద్దని కన్నన్ అమ్మ పొన్నుతాయి పట్టు. అమ్మ పట్టే కన్నన్ పట్టు.

“ఈ పని నీకు సరిపడదు ఉషా. శుక్రవారం లోపల మాను. లేకుంటే పెళ్ళి లేదు.”

“సరిపడతాదా లేదా అని శుక్రవారమే చెప్తా బావా.”

ఆమె బస్సుకు పొయ్యింది. పొయ్యేటప్పుడు ఒక చీటీ గల్లాపెట్టె మీద మరిచిపొయ్యింది. పిన్నీసు కూడా మరిచిపోని పిల్ల! చీటీలో ముత్తుకృష్ణన్ పేరు, ఇంటి అడ్రసు.

మరుదినం పొద్దున్నే కన్నన్ బస్సెక్కినాడు. సాత్తూరు దాటేలోపల అతని కడుపుమంట సెగకి ముందుసీటామె తలలో మల్లెపూలు వాడి వత్తులైపొయినాయి. ఆ ముత్తుకృష్ణన్ మొగాన రెండు గుద్దాల అని పోతుండాడు. అయినా చెయ్యి అలవాటుకొద్దీ ఒక మిట్టాయి పొట్లం సంచిలో వేసుకునింది. ఒకరింటికి ఉత్తచేతుల్తో పొయ్యే వంశం కాదు.

తలుపు తోసి చూస్తే మంచంమీద డెబ్బై దాటిన తాత. కుడికాలికి మోకాలిదంకా కట్టు.

“ముత్తుకృష్ణన్ ఎవురు?”

“నేనేప్పా.”

కన్నన్‌కి గాలి పొయ్యింది. పొయ్యిన గాలి గోడమీద పటం చూసి మళ్ళీ వచ్చింది. పటంలో తెల్లబట్టల నర్సుపిల్లలు నలభైమంది. నడుమ కుర్చీలో కాలుమీద కాలేసుకొని ఈ తాతే! ‘ఓరి ముసిలోడా, నలభైమందా! మా ఉష నలభై ఒకటోదా!’ అని లోపల్లోపలే పండ్లు కొరికినాడు.

“నేను ఉషకి కాబోయే మొగుడ్ని,” అన్నాడు గట్టిగా.

“అట్లనా? ఉష రాలేదా? ఆమె వస్తే గంజి తాపుతాది.”

“ఆమే తాపాల్నా? నేను తాపితే దిగదా?”

“దిగతాదేమో. ఆమె ఊదిఊది తాపుతాది.”

మంచం పక్కనుండే గంజి గిన్నె తీసుకొని కన్నన్ ఊదినాడు. ఎట్లా ఊదినాడంటే, తాత మీసాలు రెండూ వెనక్కి పొయ్యి చెవులకు తగులుకున్నాయి.

“మిట్టాయి తిను తాతా.”

“పళ్ళన్నీ ఊగతాయప్పా. ఉషైతే దంచి పొడిచేసి పెడతాది.”

“దంచేది నాకు రాదా?” దంచినాడు.

“మెత్తగా లేదే. ఉషైతే…”

మళ్ళీ దంచినాడు. రోలు ఏడ్చింది.

“అయ్యో, నొప్పి!” అని తాత ఎడమకాలు పట్టుకొని మూలిగినాడు. ముసిలోళ్ళకి నొప్పి యాడుండాదో కూడా తెలీదనుకొని కన్నన్ ఆ కాలు కూడా పిసికినాడు.

అంతలో తాత చెయ్యి తగిలి గంజి గిన్నె ఒళ్ళో బోర్లాపడింది. పంచె అంతా గంజి.

“ఉషకి ఫోను చెయ్యప్పా. బట్ట మార్చాల.”

బట్ట మార్చాల అనే మాటకి కన్నన్ కడుపు మళ్ళీ అంటుకునింది. “ఆమె ఏమిటికి? నేనుండా గద!”

పంచె ముడిమీద చెయ్యి వేసి ఆగినాడు. కిటికీ బయట కొళాయి దగ్గిర ఆడోళ్ళు బిందెలతో నిలబడుండారు. పొయ్యి కిటికీ మూసినాడు. తాతమీద దుప్పటి కప్పినాడు. మొగం పక్కకు తిప్పుకొని, దుప్పటి కిందనే చేతుల్తో తడివి పంచె మార్చినాడు. వేన్నీళ్ళలో గుడ్డ ముంచి తుడిచినాడు.

ఈ తూరి తాత ‘ఉషైతే’ అనలేదు. మూసిన కిటికీ పక్కకు చూసినాడు.

“కిటికీ మూయమని ఎవురు చెప్పినారప్పా?”

“దీన్ని కూడా ఒకరు చెప్పాల్నా? పెద్దోడివి, నీకు సిగ్గుండదా?”

కన్నన్ గోడకు ఆనుకొని కూలబడినాడు.

“ఉష దినమూ ఇదే పని చేస్తాదా తాతా?”

“ఆస్పత్రిలో ముప్పైమందికి చేస్తాది.”

“ముప్పైమందికా!” కన్నన్ నడుము పట్టుకున్నాడు. “ఆమె చెయ్యి తాకిన ప్రతి మొగోడి మీదా నాకు మంటగా ఉన్నింది.”

“ఇప్పుడో?”

“ఇప్పుడూ ఉండాది. అయితే ఇప్పుడు ఆమె మీదనే మంట. ఒక్కడికి చేసేలోపల నా నడుమిరిగింది. ముప్పైమందికి చేసి, నవ్వుకుంటా అంగడికి వస్తాదే, ఎట్లా వస్తాది?”

తాత దుప్పటి గడ్డందంకా లాక్కున్నాడు.

“ఆమె పని మానొద్దు తాతా. అమ్మతో నేను కొట్లాడుకుంటా. అయితే ఒకటి. నాకు జరమొస్తే ఆమె ముందు నాకే గంజి తాపాల. నువ్వు వరసలో నిలబడు.”

“సరి, నిలబడతా.”

కన్నన్ సంచి తగిలించుకొని పొయ్యినాడు. అతని చెప్పుల చప్పుడు వీధి మలుపు దాటినాక, తాత పొట్లంలో మిగిలిన మిట్టాయి ఒకటి తీసి పటక్కున కొరికి, ఫోను అందుకున్నాడు.

“ఉషా, మీ నర్సు కాలేజీ సారునే మాట్లాడతుండా, పిల్లోడు పాసు!”